500 కాపీలు వద్దన్న ప్రింటింగ్ షాపు - తిరుపతి

గాంధీ రోడ్డు దగ్గర ఒక సందులో ఉంటుంది ఈ షాపు. పేరు వేయట్లేదు, ఎందుకంటే కింద నాలుగు తిట్లు కూడా ఉన్నాయి, షాపాయన మంచోడు, చదివితే బాధ పడతాడు. డీటీపీ, డిజిటల్ ప్రింటు, బైండింగు, పెళ్లి పత్రికలు, పిల్లోళ్ల రికార్డులు అన్నీ చేస్తారు. నేను పోయింది మాత్రం పుస్తకం పని మీద.

నాది బోరు మోటర్ల ప్యానెల్ బోర్డుల పని, 14 ఏళ్లుగా పాకాల, పూతలపట్టు, చంద్రగిరి సైడు తిరుగుతాండా. స్టార్టర్ల (మోటరు ఆన్, ఆఫ్ చేసే డబ్బాలు) రిపేరు మీద తెలుగులో ఒక పుస్తకం రాసుకున్నా. డీఓఎల్, స్టార్ డెల్టా అనే స్టార్టరు రకాలు, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటరు ఎందుకు కాలిపోతుంది, ఊర్లో అందరూ ఆటో స్టార్టర్లు పెట్టుకుంటే కరెంటు రాగానే మోటర్లన్నీ ఒకేసారి లేచి ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమవుతుంది, ఇట్లాంటివి, మొత్తం 160 పేజీలు వచ్చింది. మెకానిక్కుల వాట్సాప్ గ్రూపుల్లో "వేస్తే కొంటారా" అని అడిగితే 212 బొటనవేళ్లు వచ్చినాయి. ఇంక నేను ఆగుతానా, 500 కాపీలకి ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి ఎక్కువ కాపీలు ఒకేసారి వేసే ప్రింటు) రేటు కనుక్కుందామని పోయినా.

ఆయన 38,000 అని లెక్క వేసి, ఆ చీటీ నాకియ్యకుండా చేతిలోనే పట్టుకొని "ఎంతమంది డబ్బులిచ్చినారు సామీ?" అన్నాడు. డబ్బులెవరూ ఇయ్యలేదు, అందరూ కొంటామన్నారు అన్నా. పైకి అటక చూపించినాడు. పోయినేడు ఎవరో కవితల పుస్తకం 500 వేయించుకున్నాడంట, సగం కట్టలు ఈడే ఉండాయి, తీసుకుపోమంటే ఇంట్లో చోటు లేదంటాడంట. ఆర్డరు వద్దనే షాపాయన్ని నా జీవితంలో అప్పుడే చూడటం.

ఆయన ఇచ్చిన ఐడియా ఏందంటే ముందు ఒక్క చాప్టరు 16 పేజీల బుక్కుగా వేసి జనం మధ్యలో పడేయి అని. ఏ4 షీట్లు 4, రెండు పక్కలా ప్రింటు, మధ్యకి మడిచి సెంటర్ పిన్ను, పైన ఆర్ట్ కార్డు కవరు, కాపీ 28 రూపాయలు, 50కి 1,400 అయింది. నేను మొదటి చాప్టరు వేద్దామంటే (వోల్టేజి అంటే ఏమి, కరెంటు అంటే ఏమి అని నేను చాలా కష్టపడి రాసుకున్నది అది) ఆయన ఒప్పుకోలేదు, మోటరు కాలినోడికి పనికొచ్చేది వేయి అన్నాడు, సరే అని సింగిల్ ఫేజింగ్ (మూడు ఫేజుల్లో ఒకటి పోవడం) చాప్టరు ఇచ్చినా. చివరి పేజీలో "ధర 150, అడ్వాన్సు 50, పుస్తకం రాకపోతే డబ్బు వాపసు" అని వేసినాం. కౌంటరు మీద 10 బుక్కులు, పక్కన ఒక నోటుబుక్కు దారం కట్టి పెట్టినాడు, పేరు, ఊరు, అడ్వాన్సు రాసుకోవడానికి. దానికి పైసా తీసుకోలేదు. మిగతావి నేనే వైండింగ్ షాపులకి (కాలిన మోటర్లకి తీగ మళ్లీ చుట్టేవి), మోటరు స్పేర్ల అంగళ్లకి తిరిగి ఇచ్చొచ్చినా.

సాఫ్ట్‌వేర్ పుస్తకాలు రాసేవాళ్లకి ఇదేం కొత్త కాదు, లీన్‌పబ్ అనే సైటులో పుస్తకం పూర్తి కాకముందే పేజీ పెట్టుకోవచ్చు, ఎంతైతే కొంటావు అని చదివేవాణ్ణే అడుగుతుంది. కానీ మా పాకాల మెకానిక్కు ఆ సైటుకి యాడ పోతాడు, వాడు వైండింగ్ షాపులో టీ తాగతా దొరుకుతాడు.

ఐదు వారాల్లో 73 మంది డబ్బులు కట్టినారు. అందులో ఆ 212 బొటనవేళ్ల వాళ్లు ఎంతమందో తెలుసా, 19. వైండింగ్ షాపుల నుంచి 31, మిగతా 23 ఈయన కౌంటరు మీదే, రికార్డులు బైండింగుకి వచ్చిన పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లోళ్లు ఎక్కువ. పేజీలు ఫోన్లో ఫోటో కొట్టుకొని పోయినోళ్లు కూడా ఉన్నారంట, ఆ విషయం ఆయనే నవ్వతా చెప్పినాడు, నాకైతే నవ్వు రాలేదు.

లెక్క కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది జనం అడిగినవి. బ్లాక్ అండ్ వైట్లో డయాగ్రం వేసినాం కదా, దామలచెరువులో ఒక పెద్దాయన చూసి "ఇందులో ఎర్ర వైరేది, నీలం వైరేది నాయనా" అన్నాడు. 14 ఏళ్లు ఆ వైర్లే పట్టుకుంటాండా, మూడు గీతలూ నల్లగానే ఉంటాయని నాకు తట్టనే లేదు. ఇంకొకాయన పుస్తకం బోర్డు ముందర పెట్టుకుంటే మూసుకుపోతాండాది, రెండు చేతులూ పనిలో ఉంటాయి, ఎట్లా చూసేది అన్నాడు. వోల్టేజి అంటే ఏమి అని మాత్రం ఒక్కరూ అడగలేదు, ఆ చాప్టరు 22 పేజీల నుంచి 6కి కోసేసినా, మనసొప్పక రెండు రోజులు ఆగి మరీ కోసినా. ఇప్పుడు 8 పేజీలు కలరు, స్పైరల్ బైండింగు, ధర 180. పెరిగిందని అందరికీ ఫోన్ చేసి చెప్తే నలుగురు అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు, 69 మంది ఉన్నారు. మొదట డిజిటల్లో 100 వేయిస్తాండా, ఆఫ్‌సెట్ సంగతి తర్వాత.

ఇంక తిట్లు. నేను ఫోన్లో యూనికోడ్లో టైపు చేసి ఇస్తే వీళ్లు దాన్ని అను ఫాంటులోకి (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంటు) మార్చి పేజ్‌మేకర్ అనే పేజీలు పేర్చే సాఫ్ట్‌వేర్లో పెడతారు (ఆ సాఫ్ట్‌వేర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది, వీళ్లు ఇంకా వదల్లేదు). మార్చేటప్పుడు వత్తులు ఎగిరిపోతాయి. స్టార్టర్ కాస్తా "సటార్టర్", కాంటాక్టర్ "కాంటాకటర్" అయి కూర్చునింది. మూడు సార్లు ప్రూఫు చూసినా కవరు మీదే ఒకటి మిగిలిపోయింది. కవరు ఎవరు చూస్తారులే అనుకోవద్దండి, ముందు చూసేది అదే. మంగళవారం ఇస్తానన్నది శుక్రవారం ఇచ్చినారు, అడిగితే ముహూర్తాలు సామీ, పత్రికల పని అంటారు. వాట్సాప్‌లో మెసేజీ పెడితే రెండు నిమిషాల వాయిస్ వస్తుంది, అందులో సగం వెనకాల మిషను సౌండే.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) కోసం మాత్రం ఎవరికీ డబ్బులియ్యొద్దు. వేరే ఒక చోట తెప్పించిస్తాం 3,000 ఇయ్యమన్నారు. అది రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వాళ్లు ఉచితంగా ఇస్తారు, ఆన్‌లైన్లో మనమే అప్లై చేసుకోవచ్చు, సొంతంగా వేసుకునేవాళ్లకి కూడా ఇస్తారు. ఈ షాపాయన ఆ ముక్క ముందే చెప్పినాడు, లేదంటే ఆ 3,000 కట్టేసేవాణ్ణే.

పోయేవాళ్లు పొద్దున 11 లోపల పోండి, తర్వాత కాలేజీ పిల్లోళ్లతో నిలబడే చోటు ఉండదు, బండి పెట్టుకోవడానికి అసలే లేదు. ఫైలు పీడీఎఫ్ చేసుకొని తీసుకుపోతే అను ఫాంటు గొడవే రాదు, నాకది లేటుగా తెలిసింది. 5కి 4 ఇస్తాండా, ఆ ఒక్కటి కవరు మీద పోయిన వత్తుకి.