రాయవేలూరు కోట: 1806 తిరుగుబాటు చూడాలని వెళ్లేవాళ్లకు

ఆసుపత్రి పని మీద వేలూరు వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది కోటలోకి ఓ పూట తొంగిచూసి వస్తారు. జలకంఠేశ్వరుడి దర్శనం, కందకం పక్కన రెండు ఫొటోలు, అంతే. 1857కి 51 ఏళ్ల ముందే సిపాయిలు కంపెనీ దొరల మీద తుపాకులెత్తిన చోటు ఇది. కట్టడంగా కోటకి వంక పెట్టలేం. కానీ ఆ రాత్రి ఏ మూల ఏం జరిగిందో అడుగడుగునా చెప్పే ఏర్పాటు తక్కువ. సంగతి ముందే తెలుసుకుని వెళితేనే ఆ రాళ్లు మాట్లాడతాయి.

1805 నవంబరులో మద్రాసు సైన్యానికి కొత్త ఉత్తర్వు వచ్చింది. నొసట బొట్టు, విభూతి కూడదు; చెవిపోగులు తీసేయాలి; గడ్డం గీయించాలి; తోలు తురాయి ఉన్న గుండ్రటి తలపాగా పెట్టుకోవాలి. మతం మార్చడానికే ఇదంతా అని హిందువులూ ముస్లింలూ ఇద్దరూ అనుకున్నారు. ఎదురు చెప్పినవాళ్లకి కొరడా దెబ్బలు పడ్డాయి. అదే కోటలో టిప్పు సుల్తాన్ కొడుకులు బందీలుగా ఉన్నారు. 1806 జులై 9న టిప్పు కూతురి పెళ్లి. మర్నాడు పొద్దున్నే పరేడ్ ఉందని, మామూలుగా బయటి ఇళ్లలో పడుకునే సిపాయిలు ఆ రాత్రి కోటలోనే ఉన్నారు. తెల్లారకముందే కాల్పులు మొదలయ్యాయి. 69వ రెజిమెంటు తెల్ల సైనికులు వందమందికి పైగా చచ్చారు, కోట అధికారి కర్నల్ ఫ్యాన్‌కోర్ట్‌తో సహా. కోట మీద టిప్పు జెండా ఎగిరింది.

కోటలో తిరగడం తూర్పు ద్వారం నుంచి మొదలుపెట్టండి. మొత్తం కోటలో ఎక్కువసేపు నిలబడాల్సిన చోటు ఇదే. ఆర్కాటు ఇక్కడికి దాదాపు 25 కిలోమీటర్లు. కబురు అందగానే గిలెస్పీ అనే అధికారి గుర్రపు దళంతో అక్కణ్నుంచి బయల్దేరి, కొద్దిమందితో ముందుగా దూసుకొచ్చాడు. ద్వారం మీది గోడని పట్టుకుని ఇంకా కొందరు తెల్లవాళ్లు మిగిలే ఉన్నారు. వాళ్లు కిందికి తాడు వదిలితే పట్టుకుని పైకెక్కాడు. తర్వాత ఫిరంగులొచ్చి తలుపులు పగలగొట్టాయి. తలెత్తి ఆ గోడ ఎత్తు చూడండి, తర్వాత కందకం వెడల్పు చూడండి. ద్వారాన్ని గట్టిగా కాపాడుకుని ఉంటే గుర్రపు దళం బయటే ఆగిపోయేది. సిపాయిలు ఆ పని చేయలేదు; చాలామంది దోపిడీలో పడిపోయారు. ధైర్యానికి కొదవ లేదు, ముందుండి నడిపించేవాడే కరువయ్యాడు. ఆ పూట వందమంది దాకా సిపాయిల్ని బంతాట ఆడే గోడకి వరసగా నిలబెట్టి కాల్చేశారు. విచారణ తర్వాత మరికొందరిని ఫిరంగి మూతికి కట్టి పేల్చారు.

అదే తలపాగా గొడవ ఆ నెలలోనే హైదరాబాద్ దండులోనూ రేగింది. అక్కడ ఉత్తర్వు వెనక్కి తీసుకోవడంతో చల్లారింది. ఇక్కడా అలా చేసి ఉంటే ఇన్ని ప్రాణాలు పోయేవి కావు. చివరికి గవర్నర్ బెంటింక్‌నీ, సేనాపతి క్రాడక్‌నీ లండన్ వెనక్కి పిలిపించింది. టిప్పు కుటుంబాన్ని కలకత్తా తరలించారు.

టిప్పు మహల్, హైదర్ మహల్ లోపలికి వెళ్లొచ్చనే ఆశ పెట్టుకోవద్దు. బయటి నుంచి చూడటానికి సిద్ధపడి వెళ్లండి. ప్రభుత్వ మ్యూజియంలో వీరగల్లులు, శిల్పాలు, నాణేలు బాగుంటాయి. 1806 కోసమే వెళ్లేవాళ్లు దాన్ని చివరికి పెట్టుకోండి. శుక్రవారం దానికి సెలవు, ఆ రోజు పెట్టుకోకండి. గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి దర్శనం కూడా కావాలంటే పొద్దున్నే వెళ్లడం మేలు. ఎండెక్కితే ఆ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడవలేరు.

రైల్లో వచ్చేవాళ్లు కాట్పాడిలో దిగితే ఊళ్లోకి బస్సులు దొరుకుతాయి. తిరుగుబాటు స్మారక స్తంభం కోట లోపల లేదు, బయట మక్కాన్ కూడలిలో ఉంది. లోపల వెతికి దొరకలేదని వెళ్లిపోకండి.