కుసామా చుక్కల వెంట: నవోషిమా, టోక్యో, మత్సుమోతో

లూయీ విట్టాన్ బ్యాగుల మీది చుక్కలు చూసి జపాన్ కళాకారిణి యాయోయి కుసామా పేరు తెలుసుకున్నవాళ్లు జపాన్ వెళ్తే నేరుగా నవోషిమా దీవికే పోతారు. నన్నడిగితే ముందు మత్సుమోతో వెళ్లండి.

నవోషిమా బాగుండదని కాదు. ఉనో రేవు నుంచి ఫెర్రీలో 20 నిమిషాలు. దీవి రేవు మియనౌరాలో దిగగానే కుసామా చేసిన పెద్ద ఎర్ర గుమ్మడికాయ శిల్పం, దాని కడుపులో దూరి చుక్కల కంతల్లోంచి తలలు బయటపెట్టే పిల్లలు. పసుపుపచ్చది దీవికి అవతలి వైపు, సముద్రంలోకి చొచ్చుకెళ్లిన జెట్టీ చివర ఉంటుంది. 1994లో పెట్టిన ఆ కాయ 2021 తుఫానుకు కొట్టుకుపోతే, కొత్తది చేయించి 2022లో పెట్టారు. అక్కడ ఫొటో కోసం పెద్ద క్యూ. దీవిలో పేరున్న హోటల్ రేటు చూసి కళ్లు తిరిగి ఉనోలో గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. గది శుభ్రమే గానీ రాత్రంతా పక్కగది గురక మాకూ వినిపించింది. సోమవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియంలు చాలావరకు మూసే ఉంటాయి.

టోక్యోలో ఆమె సొంత మ్యూజియం 2017లో తెరిచారు. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో, ఫలానా టైముకని కొనాలి, గుమ్మం దగ్గర దొరకదు. ఐదంతస్తులన్న మాటే గానీ చాలా చిన్నది. ఆమె మాత్రం 1977 నుంచి తన ఇష్టంతోనే అదే నగరంలో ఒక మానసిక వైద్యశాలలో ఉంటూ, దగ్గర్లోని స్టూడియోలో పనిచేస్తూ వచ్చింది.

ఇక మత్సుమోతో. 1929లో ఆమె పుట్టిన ఊరు. వాళ్లది విత్తనాలు, మొక్కల వ్యాపారం. ఆ గుమ్మడికాయలూ పూలూ ఎక్కడివో ఇక్కడికొస్తే అర్థమవుతుంది. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి అజుసా రైల్లో సుమారు రెండున్నర గంటలు. అన్నీ రిజర్వుడు సీట్లే. ఊరి ఆర్ట్ మ్యూజియం ముందు ఆమె చేసిన, మనిషిని మింగేసేంత పూల శిల్పాలు, పక్కన కూల్‌డ్రింకుల మెషీన్ మీద కూడా ఎర్ర చుక్కలు. లోపల నన్ను కదలనివ్వనిది ఆమె చేసిన ఒక నిచ్చెన. రంగులు మారే దీపాలతో నిలబెట్టి, కిందా పైనా అద్దాలు పెట్టారు. వంగి చూస్తే అడుగు కనపడని బావి. తోసేవాళ్లు లేరు కాబట్టి తీరిగ్గా చూశాను.

భోజనమే ఇబ్బంది. ఇక్కడ సోబా అనే నూడుల్స్ ప్రసిద్ధి, కానీ ముంచుకునే పులుసులో మామూలుగా ఎండుచేప పడుతుంది. శాకాహారులు అడిగి తినండి. మేం సూపర్‌మార్కెట్లో ఈ నగానో ప్రాంతపు ఆపిల్స్, బ్రెడ్ కొనుక్కుని కానిచ్చాం. ఆపిల్స్ మాత్రం అద్భుతం.