సీఎఫ్ పిల్లలకు విటమిన్ డి: వారానికో సాచెట్టా, రోజూ గోలీయా?

సిస్టిక్ ఫైబ్రోసిస్ (సీఎఫ్, పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు) ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు. రిపోర్టులో విటమిన్ డి బాగా తక్కువ వచ్చింది, వారానికోసారి 60,000 యూనిట్ల సాచెట్ మేలా, రోజూ గోలీ మేలా అని. హన్మకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్న మా వాడికి, డాక్టర్‌తో మాట్లాడాక, ఆదివారం సాచెట్టే ఖాయం చేసుకున్నాం.

మందు రెండింట్లోనూ ఒకటే, డి3. విటమిన్ డిలోనే మరో రకమైన డి2 అని రాసి ఉంటే మాత్రం మార్చమని అడగండి, అది రక్తంలో అంతగా నిలవదు. వారం మొత్తం మీద మోతాదు సమానమైతే రోజూ వేసినా ఒకేసారి వేసినా పెద్ద తేడా ఉండదు. తేడా వచ్చేదల్లా దేనితో వేస్తున్నామన్న దగ్గరే. డి కొవ్వులో కరిగే విటమిన్. మన పిల్లల్లో చాలామందికి క్లోమం ఎంజైమ్‌లు పేగులోకి దిగవు, తిన్న కొవ్వు అరగదు, దాంతోపాటే డి కూడా బయటికి పోతుంది. పరగడుపున నీళ్లలో కలుపుకుని తాగిన సాచెట్‌లో ఒంటబట్టేది కొంచెమే. రోజూ గోలీ వేసినా ఇంతే.

హాస్టల్ తిండి సంగతి తెలిసిందే కదా. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం నీళ్ల పప్పుచారు. గోలీని ఏ పూటకు జత చేయాలి? పైగా పరీక్షల టెన్షన్‌లో ఆ గోలీ డబ్బాలోనే ఉండిపోతుంది. ఆదివారమైతే క్యారియర్‌లో బగారన్నం, మటన్ కూర పోతాయి. మొదటి ముద్దకు ముందు కొవ్వు అరగడానికి వేసే ఎంజైమ్ క్యాప్సూల్స్ కొన్ని, సగం తిన్నాక మిగతావి, ఆ మధ్యలోనే సాచెట్. పక్కన వాళ్లమ్మ కూర్చుని ఉంటుంది, ఎగ్గొట్టే వీలే లేదు. మాంసం తినని ఇళ్లలో నెయ్యి పోసిన ముద్దపప్పో, నూనెలో కాల్చిన సర్వపిండో చాలు. సాచెట్‌ను పాలల్లో కలిపితే మీగడ తీయని పాలు కావాలి, వాటికీ ఎంజైమ్ వేయాలి.

పదేళ్ల లోపు పిల్లలకు మాత్రం నా ఓటు రోజూ వేసే చుక్కలకే. 60,000 సాచెట్ అంటే రోజుకు దాదాపు 8,500 యూనిట్లు. అమెరికాలోని సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 2012లో ఇచ్చిన సూచనల్లో 1-10 ఏళ్ల వాళ్లకు మొదలే 800-1000, పెంచినా 4,000 వరకే. పదేళ్లు దాటితే 800-2,000తో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 10,000 దాకా పోవచ్చు. పెద్ద పిల్లలకైనా సాచెట్ ఎన్ని వారాలో డాక్టరే చెప్పాలి. డి ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు వస్తాయి.

"ఎండలో నిలబెడితే పోదా?" అని మా బంధువులందరి సలహా. పొద్దున ఏడింటి లేత ఎండలో డి తయారుచేసే కిరణాలు తక్కువ. అవి బాగా ఉండేది నడిమధ్యాహ్నం. వరంగల్ మే నెల మిట్టమధ్యాహ్నం సీఎఫ్ పిల్లాడిని బయట నిలబెట్టడమా? వీళ్ల చెమటలో ఉప్పు మామూలు పిల్లల కంటే చాలా ఎక్కువ పోతుంది, పడిపోతారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్లకైతే ఎండకు చర్మం కాలినట్టవుతుంది. చలికాలంలో కాసేపు ఆడుకోనివ్వండి, దాన్నే మందు అనుకోవద్దు.

ఇంజెక్షన్ పేగుతో పని లేకుండా పోతుంది గానీ, ఒంట్లోకి ఎక్కే తీరు అందరిలో ఒకేలా ఉండదు. నాకైతే నచ్చదు. కాల్సిఫిడయాల్ అని విటమిన్ డిలోనే మరో రూపం ఉంది, అది కొవ్వు సరిగా అరగనివాళ్లలోనూ బాగానే ఒంటబడుతుంది, డి3తో లాభం లేనప్పుడు డాక్టర్‌ను అడగండి. పేరు దగ్గరగా ఉండే కాల్సిట్రయాల్ వేరే మందు, దాంతో నిల్వ నిండదు.

ఏది మొదలుపెట్టినా మూడు నెలలకు మళ్లీ రక్తంలో డి ఎంతుందో చెప్పే 25-హైడ్రాక్సీ పరీక్ష చేయించాలి, మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటాలి. దాటకపోతే మోతాదు పెంచమని అడిగే ముందు మలం ఎలా ఉంటోందో పిల్లాడిని అడగండి. జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ పోతోందంటే ముందు సరిచూడాల్సింది ఎంజైమ్ క్యాప్సూల్స్ లెక్క.