అంతర్జాతీయ చట్టం, దేశీయ చట్టం: అశోక్‌నగర్ వారాంతపు తరగతులపై సమీక్ష

జ్యుడీషియల్ సర్వీసులకూ, సివిల్స్‌లో లా ఆప్షనల్‌కూ సిద్ధమయ్యేవారి కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లోని ఒక శిక్షణ సంస్థ వారాంతాల్లో తెలుగులో నడుపుతున్న అంతర్జాతీయ చట్టం తరగతులకు ఈ మధ్య హాజరయ్యాను. సిలబస్‌లో అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది అంతర్జాతీయ చట్టానికీ దేశీయ చట్టానికీ ఉన్న సంబంధం. అందువల్ల ఈ సమీక్షను ఆ ఒక్క భాగానికే పరిమితం చేస్తున్నాను.

సాధారణంగా ఈ పాఠం ఏకత్వవాదం (రెండు చట్టాలూ ఒకే వ్యవస్థలో భాగమనే వాదం), ద్వంద్వవాదం (రెండూ వేర్వేరు వ్యవస్థలనే వాదం) అనే నిర్వచనాలతో మొదలై అక్కడే ఆగిపోతుంది. ఇక్కడి అధ్యాపకుడు మాత్రం బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టపు మూలపాఠం) తెరిపించి, రాజ్యాంగంలోని 51(సి), 73, 253 అధికరణాలను ఒకదాని పక్కన ఒకటి చదివించారు. ఒప్పంద బాధ్యతల పట్ల గౌరవాన్ని పెంపొందించాలని 51(సి)లోని ఆదేశిక సూత్రం చెబుతుంది. 73 ప్రకారం ఒప్పందం కుదుర్చుకోవడం కేంద్ర కార్యనిర్వాహక వర్గం పని. దాన్ని అమలు చేసేందుకు, రాష్ట్ర జాబితాలోని అంశమైనా సరే, చట్టం చేసే అధికారం 253 కింద పార్లమెంటుది. ఈ మూడింటినీ కలిపి చదివితే, ప్రభుత్వం సంతకం చేసినంత మాత్రాన ఒప్పందం మన కోర్టుల్లో చట్టం ఎందుకు కాదో విద్యార్థికి తనంతట తానే బోధపడుతుంది.

తీర్పుల బోధన ఈ కోర్సుకు ప్రాణం. అప్పు తీర్చలేని వ్యక్తిని జైలుకు పంపవచ్చా అన్న జాలీ జార్జ్ వర్గీస్ కేసులో, 1980లో, జస్టిస్ కృష్ణ అయ్యర్ పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 11వ అధికరణం (కాంట్రాక్టు బాధ్యత తీర్చలేనంత మాత్రాన ఎవరినీ జైల్లో పెట్టకూడదనేది) నేరుగా అమలుకాదని ఒప్పుకుంటూనే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌ను దానికి అనుగుణంగా, రాజ్యాంగంలోని 21వ అధికరణం వెలుగులో అన్వయించిన తీరును పేరా పేరా చదివించారు. ఆ వెంటనే 1984 నాటి గ్రామఫోన్ కంపెనీ కేసు ఎత్తుకున్నారు. కలకత్తా మీదుగా నేపాల్‌కు వెళ్తున్న క్యాసెట్ల వివాదంలో, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ చిన్నప్ప రెడ్డి, పార్లమెంటు చట్టంతో విభేదించనంత వరకు అంతర్జాతీయ న్యాయ నియమాలు దేశీయ చట్టంలో భాగమేనని, విభేదిస్తే మాత్రం దేశీయ చట్టానిదే పైచేయి అని స్పష్టం చేశారు. ఆ పరిమితిని గుర్తుంచుకుంటేనే 1997 నాటి విశాఖ (కేసు వేసిన మహిళా సంస్థ పేరు) తీర్పు అర్థమవుతుంది: పని ప్రదేశంలో లైంగిక వేధింపులపై అప్పటికి ప్రత్యేక చట్టం లేదు కనుక, మహిళలపై వివక్ష నిర్మూలన ఒడంబడికను ఆధారం చేసుకుని కోర్టు మార్గదర్శకాలు ఇవ్వగలిగింది. చట్టం 2013లో గాని రాలేదు.

ఇంత శ్రద్ధగా చెప్పిన పాఠానికి, చేతికిచ్చిన స్పైరల్ బైండింగ్ మెటీరియల్ న్యాయం చేయలేదు. భారత్ ధ్రువీకరించిన ఒప్పందాలన్నీ 51వ అధికరణం వల్ల వాటంతట అవే అమల్లోకి వస్తాయని అందులో ఒక వాక్యం ఉంది. అది తప్పు, తరగతికి రాకుండా కేవలం నోట్సు చదివే విద్యార్థి దాన్నే పరీక్షలో రాసివస్తాడు. తెలుగులో ఈ విషయంపై నమ్మదగిన పుస్తకాలు తక్కువ కాబట్టి ఇలాంటి పొరపాటు నన్ను మరింత బాధించింది.

పన్ను ఒప్పందాలను ముట్టుకోకపోవడం మరో లోటు. ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం (ఒకే ఆదాయంపై రెండు దేశాలూ పన్ను వేయకుండా చేసుకునేది) అమలుకావాలంటే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 90వ సెక్షన్ కింద నోటిఫికేషన్ తప్పనిసరి అని 2023లో నెస్లే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విదేశీ కంపెనీల కార్యాలయాలు ఇన్ని ఉన్న హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేయబోయేవారికి ఇది తెలియాలి.

బోధన కోసం ఈ తరగతుల్లో నిస్సందేహంగా చేరవచ్చు. ఫీజు కూడా అందుబాటులోనే ఉంది. మెటీరియల్‌ను మాత్రం పక్కన పెట్టి, తరగతిలో ప్రస్తావించిన తీర్పుల పూర్తి పాఠాలను సుప్రీంకోర్టు వెబ్‌సైట్ నుంచి దించుకుని సొంతంగా నోట్సు రాసుకోవాలి. వచ్చే బ్యాచ్ మొదలయ్యేలోపు 51వ అధికరణంపై ఉన్న ఆ వాక్యాన్ని సరిదిద్దాలని నిర్వాహకులను కోరాను.