పది చుక్కల కేస్ ట్రాపర్ కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఇక్కడ అమెరికాలో ఉంటూ పాత మడత కత్తులు సేకరించే మనవాళ్ళు కొందరున్నారని తెలుసు. వాళ్ళ కోసమే రాస్తున్నాను. పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర కేస్ ట్రాపర్, అంటే కేస్ కంపెనీ వాళ్ళ రెండు బ్లేడ్ల మడత కత్తి, ఒకటి 310 డాలర్లు పెట్టి కొన్నాను. 1970 నాటిదన్నాడు, ఫ్యాక్టరీలోనే వరుస నంబర్ వేసిన లిమిటెడ్ ఎడిషన్ అన్నాడు, ఒక్కసారి కూడా వాడలేదన్నాడు. మూడూ అబద్ధాలే.

ముందు చుక్కల సంగతి. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఉన్న కేస్ కంపెనీ 1970లో టాంగ్ మీద, అంటే బ్లేడు పిడిలోకి దిగే మందపాటి చోట, తన ముద్రతో పాటు పది చుక్కలు కొట్టడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏడాదికో చుక్క తగ్గిస్తూ వచ్చారు. 1971కి తొమ్మిది, 1975కి ఐదు, 1979కి ఒక్కటే. 1980లో మళ్ళీ పది చుక్కలతో మొదలు. అందుకే పది చుక్కలు కనబడగానే 1970 అనేసుకోకండి. కంపెనీ పేరులో ఎస్ అక్షరం చూడండి. డెబ్బైలలో అది మామూలుగా ఒంపు తిరిగి ఉంటుంది. 1980 నుంచి మెరుపు గీతలా కోణాలు తేలి ఉంటుంది. అతను పెట్టిన ఫొటోలో సరిగ్గా ఆ అక్షరం మీదే ఫ్లాష్ వెలుగు పడింది. ఇంకో ఫొటో అడగాల్సింది, అడగలేదు. కత్తి చేతికొచ్చాక చూస్తే మెరుపు గీత ఎస్. పదేళ్ళ తేడా.

ఇక నంబర్. బోల్‌స్టర్ మీద, అంటే మన రోకలి పొన్నులా పిడి చివర ఉండే లోహపు తొడుగు మీద, 012/500 అని ఉంది. కంసాలులు వాడే చిన్న భూతద్దం పెట్టి చూశాను. బోల్‌స్టర్ అంతా ఏళ్ళ తరబడి గాలి తగిలి పసుపు తిరిగి మసకబారింది. అంకెల గాడి లోపల మాత్రం లోహం తెల్లగా తళతళలాడుతోంది. రెండు అంకె వంపు దగ్గర పెన్ను జారిన సన్నటి గీత కూడా ఉంది. ఇంట్లో కూర్చుని కరెంటు పెన్నుతో చెక్కిన పని అది. కత్తితో పాటే పాతబడిన నంబరైతే గాడి లోపల కూడా ఆ మసకే ఉండాలి. అసలు ఆ రోజుల్లో మామూలు ట్రాపర్‌కి వరుస నంబర్ వేసే అలవాటే లేదు, ఏడాది చెప్పేవి ఆ చుక్కలే.

టాంగ్ రెండోవైపు ఉండే 6254 చూపించి అదే సీరియల్ నంబర్ అనేవాళ్ళు కూడా ఉన్నారు. అది మోడల్ నంబర్. 6 అంటే గాట్లు చెక్కిన ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే ట్రాపర్ ఆకారం. హైదరాబాద్ నుంచి మా స్నేహితుడు ఫ్రెంచ్ మడత కత్తి ఒపినెల్ గురించి ఇలాగే అడిగాడు, నంబర్ 8 అంటే ఎనిమిదో కత్తా అని. కాదు, అది సైజు. బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉంటుంది, అలాంటివి లెక్కలేనన్ని తయారయ్యాయి. అమెరికన్ కంపెనీ బక్ కత్తుల మీద 1986 నుంచి మోడల్ నంబర్ పక్కన కనిపించే చిన్న గుర్తు కూడా తయారైన ఏడాదిని చెప్పేదే.

నిజంగా నంబర్ వేసిన లిమిటెడ్ ఎడిషన్లలో కూడా ఒక తిరకాసు ఉంది. 'ఐదువందల్లో ఒకటి' అని అన్ని కత్తుల మీదా ఒకే రాత వేస్తే అది వరుస నంబర్ కాదు. దేని అంకె దానికే ఉండాలి, పెట్టె మీదా సర్టిఫికెట్ మీదా అదే అంకె ఉండాలి. పెట్టె పోయిందంటే ధర తగ్గించమని గట్టిగా అడగండి. నా దృష్టిలో పెట్టె, సర్టిఫికెట్ లేని నంబర్‌కి ఒక్క డాలర్ కూడా ఎక్కువ ఇవ్వకూడదు.

వాడలేదన్న మాట తేల్చుకోవడానికి నిమిషం కూడా పట్టలేదు. టాంగ్ మీద అక్షరాల అంచులు అరిగి గుండ్రబడ్డాయి, అంటే ఎవరో బఫింగ్ చక్రం మీద పెట్టి మెరుగు పట్టారు. సేకరించేవాళ్ళం వాక్ అండ్ టాక్ అంటాం కదా, తెరిచేటప్పుడు స్ప్రింగ్ బిగువు, మూసేటప్పుడు టక్కుమనే చప్పుడు. ఇందులో ఒక బ్లేడుకి అది సగం కూడా లేదు. ఒక మనిషి ఏళ్ళపాటు జేబులో పెట్టుకుని పని చేసుకున్న కత్తి అది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పి తక్కువకి అమ్మి ఉంటే సంతోషంగా కొనుక్కునేవాణ్ణి. నిక్షేపం లాంటి పాత కత్తిని కరెంటు పెన్నుతో గీకి పాడుచేశాడే అన్నదే నాకు ఎక్కువ బాధ.

డబ్బు దగ్గర ఇంకో తప్పు చేశాను. కమీషన్ పడకుండా స్నేహితులకి పంపినట్టు పంపమన్నాడు, పంపాను. అలా పంపితే కొనుగోలుదారు రక్షణ ఉండదు, కంప్లైంట్ చేసినా ఎవరూ పట్టించుకోరు. పది రోజులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెడితే, కత్తి తిరిగి తీసుకుని 240 డాలర్లు వెనక్కిచ్చాడు.

నిన్న రాత్రి అదే కత్తి మళ్ళీ అమ్మకానికి పెట్టాడు. అవే ఫొటోలు, అదే '1970', ఈసారి ధర 340. బోల్‌స్టర్ మీద 012/500 అని ఉండి, పిడి మధ్య పిన్ను పక్కన ఎముకకి వెంట్రుకంత పగులు కనిపిస్తే అది నేను తిప్పి పంపిన కత్తే. కొనకండి.