ఆంక్షలు పోయాక ముందు ఎవరు రావాలి: టూరిస్టా, ఫ్యాక్టరీయా?

క్యూబా మీద అమెరికా వాణిజ్య ఆంక్షలు 1962 ఫిబ్రవరి నుంచి నడుస్తూనే ఉన్నాయి. వియత్నాం మీద 1964లో ఉత్తర భాగంతో మొదలై, 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోగానే దేశమంతటికీ వర్తించి, 1994 ఫిబ్రవరి 3న క్లింటన్ సంతకంతో పోయాయి. రెండూ కమ్యూనిస్టు పార్టీ ఏలుబడిలో ఉన్న దేశాలే. రెండూ అమెరికాకు ఎదురు నిలిచినవే. 1991లో సోవియట్ సాయం ఆగిపోయి దిక్కుతోచని స్థితిలో పడినవే. ఆంక్షలు ఎత్తేస్తే ఒక దేశం ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

పోలికలో ఒక తిరకాసు ఉంది. వియత్నాం మీద ఆంక్షలు పూర్తిగా పోయాయి, క్యూబా మీద పోలేదు. 2014 డిసెంబర్ 17న ఒబామా, క్యూబా అధ్యక్షుడు రౌల్ కాస్ట్రో ఒకేసారి టీవీల్లో కనిపించి సంబంధాలు మళ్లీ కలుపుతున్నామన్నారు. 2015 జులైలో ఎంబసీలు తెరిచారు, 2016 మార్చిలో ఒబామా స్వయంగా హవానా వెళ్లాడు. అయినా 1996 నాటి హెల్మ్స్-బర్టన్ చట్టం వల్ల ఆంక్షలను మొత్తంగా రద్దు చేయడం అధ్యక్షుడి చేతిలో లేదు, కాంగ్రెస్ చేయాలి. ఒబామా చేయగలిగిందల్లా ప్రయాణాల నిబంధనలు సడలించడం. అందుకే క్యూబాకు వ్యాపారం రాలేదు, జనం మాత్రం వచ్చారు. ఆ జనం కూడా కాగితాల మీద టూరిస్టులు కారు. అమెరికా చట్టం ప్రకారం క్యూబాకు టూరిజం కోసం వెళ్లడం నేరం కాబట్టి, బీచ్‌లో మోహితో తాగడానికి వెళ్లేవాళ్లు కూడా ఫారంలో "విద్యా కార్యక్రమం" అని టిక్కు పెట్టేవారు.

అంటే క్యూబాలో జరిగింది వ్యాపారం లేని టూరిజం. వియత్నాంలో ముందు వ్యాపారం, దాని వెనకాల టూరిజం. ఏది మేలు?

టూరిజం వైపు నుంచి మొదలుపెడదాం, ఎందుకంటే దాని బలం చూడగానే కనిపిస్తుంది. డబ్బు త్వరగా వస్తుంది. ఫ్యాక్టరీకి స్థలం, కరెంటు, ఓడరేవు, సుంకాల ఒప్పందం కావాలి. టూరిస్టుకు ఒక గది, ఒక మంచం, పొద్దున్నే కాఫీ చాలు. క్యూబాలో 1997 నుంచి ఇళ్లలో గదులు అద్దెకిచ్చుకోవడానికి లైసెన్సులిస్తున్నారు. గుమ్మం మీద నీలం రంగులో లంగరు లాంటి గుర్తు కనిపిస్తే అది విదేశీయులకు గది ఇచ్చే ఇల్లన్నమాట. 2015 ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో ఇళ్లు, గదులు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ ఈ ఇళ్లను తన జాబితాలోకి తీసుకుంది. మధ్యలో దళారీ ప్రభుత్వ శాఖ లేకుండా అతిథి డబ్బు ఇంటావిడ చేతికే వచ్చేది. ఆ డబ్బుతో వీధిలో ఒకరు బట్టలుతికేవారు, ఒకరు పళ్లు తెచ్చేవారు, ఇంకొకరు కారు తిప్పేవారు. ఏ ఫ్యాక్టరీ జీతమూ ఇంత తొందరగా ఇన్ని చేతులు మారదు.

అదే ఇంట్లో వంటగదిలోకి వెళ్తే రెండో సంగతి బయటపడుతుంది. క్యూబాలో 1962 నుంచి రేషన్ పుస్తకం ఉంది. మనిషికి నెలకింత బియ్యం, ఇంత చిక్కుడు గింజలు, ఇంత పంచదార, వేళ్ల మీద లెక్కపెట్టేన్ని గుడ్లు. వచ్చిన అతిథికి రోజూ ఆమ్లెట్ పెట్టాలంటే ఆ గుడ్లు మూడు రోజులకు కూడా రావు. ఇంటావిడ బయట కొనాలి, ప్రైవేటు హోటళ్లవాళ్లూ అదే సంతలో కొనాలి. అమెరికన్ల తాకిడి పెరిగిన 2016లో హవానా సంతల్లో ఉల్లి, టమాట ధరలు మామూలు జీతగాళ్లకు అందకుండా పోయాయి. ప్రభుత్వం గరిష్ఠ ధరలు నిర్ణయిస్తే సరుకు బల్లల మీది నుంచి మాయమైంది. పండించేవాళ్లు పెరగకుండా తినేవాళ్లు పెరిగితే జరిగేది ఇదే.

ఇక జీతాల సంగతి. ఆ రోజుల్లో ప్రభుత్వ ఉద్యోగి సగటు జీతం నెలకు ముప్పై డాలర్ల లోపే. డాక్టర్లకు 2014లో పెంచాక కూడా అరవై డెబ్బై డాలర్లు. అదే టాప్ లేని గులాబీ రంగు షెవ్రొలేలో టూరిస్టులను సముద్రపు గట్టు వెంట గంటసేపు తిప్పితే ముప్పై నలభై డాలర్లు. ఇంజనీరు టాక్సీ డ్రైవరయ్యాడని, టీచరు వెయిటరయ్యాడని వింటే మనకు వింతగా ఉంటుందేమో గానీ అక్కడ అది మామూలు లెక్క. పైగా ఆ కారే ఒక పాఠం. ఆంక్షల వల్ల విడిభాగాలు దొరకక, బయటికి 1950ల అమెరికన్ బండి, బానెట్ ఎత్తితే రష్యన్ లాడా ఇంజనో, మరో బండి డీజిల్ ఇంజనో. పైన పటారం, లోన లొటారం. టూరిస్టు ఫొటో తీసుకునేది ఆ పటారాన్నే. ఆంక్షలు నిజంగా పోయి కొత్త కార్లు వస్తే చూడ్డానికి వచ్చేవాళ్లు తగ్గుతారేమో అన్న భయం కూడా ఉండేది. పేదరికమే ఆకర్షణ అయితే అది పోకుండా చూసుకునేవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట తయారవుతారు.

అన్నిటికన్నా పెద్ద లోపం, ఈ డబ్బు ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా ఆగిపోతుంది. 2019 జూన్‌లో ట్రంప్ ప్రభుత్వం క్రూజ్ ఓడలు క్యూబాకు వెళ్లకూడదని చెప్పి, మర్నాటి నుంచే అమలు చేసింది. దారిలో ఉన్న ఓడలు రేవులు మార్చుకున్నాయి. 2018లో 47 లక్షల దాకా ఉన్న విదేశీ సందర్శకులు, కోవిడ్ కూడా తోడై, 2024కి 22 లక్షలకు పడిపోయారు. ఈ లోగా సైన్యం చేతిలోని గాయెసా సంస్థ హోటళ్లు కడుతూనే ఉంది. హవానాలో నలభైకి పైగా అంతస్తుల హోటల్ ఒకటి లేస్తుండగానే, 2024 అక్టోబర్‌లో దేశమంతటా కరెంటు గ్రిడ్ కుప్పకూలింది. ఆ ఏడాది హోటల్ గదుల్లో మూడో వంతు కూడా నిండలేదు. ఒకప్పుడు ఏడాదికి 80 లక్షల టన్నుల పంచదార తీసిన దేశం ఇప్పుడు పంచదార దిగుమతి చేసుకుంటోంది. ఇవన్నీ అమెరికా చేసిన పనులు మాత్రం కావు.

ఇప్పుడు వియత్నాం. ఆంక్షలు పోయిన గంటల్లోనే హో చి మిన్ సిటీ వీధుల్లో పెప్సీ సీసాలు పంచిపెట్టారు. ఆ కథ అందరూ చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది ఆంక్షలు పోకముందు జరిగింది. 1986లో ధరలు ఏడాదికి 700 శాతానికి పైగా పెరుగుతున్న రోజుల్లో పార్టీ "దొయ్ మొయ్" సంస్కరణలు ప్రకటించింది. 1988లో సమష్టి వ్యవసాయాన్ని పక్కన పెట్టి, పొలాన్ని రైతు కుటుంబాలకు దీర్ఘకాలానికి అప్పజెప్పింది. మరుసటి ఏడాదే, అప్పటిదాకా బియ్యం కొనుక్కున్న దేశం దాదాపు 14 లక్షల టన్నులు ఎగుమతి చేసింది. అప్పటికింకా అమెరికా ఆంక్షలు అలాగే ఉన్నాయి! ఇంట గెలిచి రచ్చ గెలవమన్న మాట ఇంత అక్షరాలా అతికే సందర్భం తక్కువ.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. 1994లో ఆంక్షలు పోయినంత మాత్రాన వియత్నాం సరుకు అమెరికా దుకాణాల్లోకి వెళ్లిపోలేదు. నిషేధం పోయింది, సుంకం మిగిలింది. సగటున 40 శాతం దగ్గర ఉన్న ఆ సుంకం, 2001 డిసెంబర్‌లో ద్వైపాక్షిక ఒప్పందం అమల్లోకి వచ్చాక మూడు నాలుగు శాతానికి దిగింది. మరుసటి ఏడాదే అమెరికాకు ఎగుమతులు 105 కోట్ల డాలర్ల నుంచి 240 కోట్ల దాకా ఎగబాకాయి. 2007లో ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో చేరిక, తర్వాత శామ్‌సంగ్ ఫ్యాక్టరీలు, ఆ పైన బూట్లు, సోఫాలు, ఫోన్లు. 2024లో అమెరికా అక్కడి నుంచి కొన్న సరుకు 13,600 కోట్ల డాలర్ల పైమాటే. ఆంక్షలు ఎత్తేయడం మొదటి మెట్టే, ఆ తర్వాత ఏడేళ్ల బేరసారాలున్నాయి.

ఇంతా చేసి వియత్నాం టూరిజాన్ని వదిలేసిందా అంటే లేదు. 1990లో రెండున్నర లక్షల మంది విదేశీయులు వస్తే 2019లో కోటీ ఎనభై లక్షల మంది వచ్చారు. ఇప్పుడు మన హైదరాబాద్ నుంచి కూడా కుటుంబాలకు కుటుంబాలు దనాంగ్, హలాంగ్ బే అంటూ వెళ్లి వస్తున్నాయి, వాట్సాప్ స్టేటస్‌లు చూస్తే చాలు. తేడా ఏమిటంటే, అక్కడి హోటల్లో పెట్టే బియ్యం, చేప, కాఫీ ఎక్కువగా ఆ దేశంలో పండినవే. హోయ్ అన్‌లో సాయంత్రం కొలతలిస్తే మర్నాటికి సూటు కుట్టిచ్చే దర్జీలుంటారు. టూరిస్టు రాకపోతే వాళ్లకూ దెబ్బే, కానీ కుట్టుపని తెలిసిన వాళ్లకు బట్టల ఫ్యాక్టరీ దారి ఒకటి ఉంది. హవానాలో గులాబీ కారు నడిపేవాడికి అలాంటి రెండో దారి లేదు.

ఫ్యాక్టరీ దారిలో పాపాలు లేవని కాదు. 2016 ఏప్రిల్‌లో తైవాన్‌కు చెందిన ఫార్మోసా ఉక్కు కర్మాగారం విష వ్యర్థాలను సముద్రంలోకి వదిలితే, హాతిన్ నుంచి హ్యూ దాకా నాలుగు రాష్ట్రాల తీరంలో చచ్చిన చేపలు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కంపెనీ 50 కోట్ల డాలర్లు కట్టింది. మత్స్యకారుల బతుకూ, బీచ్ హోటళ్ల బేరమూ రెండూ పోయాయి. వీధిలోకొచ్చి నిరసన తెలిపినవాళ్లలో కొందరు జైలుకెళ్లారు. ఆంక్షలు పోతే ప్రజాస్వామ్యం దానంతటదే వస్తుందని వాషింగ్టన్‌లో చెప్పే మాటకు వియత్నాం మంచి జవాబు: ముప్పై ఏళ్ల తర్వాత కూడా ఒకటే పార్టీ. ఇక వ్యాపారం టూరిజంలా చిటికెలో ఆగిపోదని ధీమా పడదామంటే, 2025 ఏప్రిల్‌లో ట్రంప్ వియత్నాం సరుకు మీద 46 శాతం సుంకం ప్రకటించి, జులైలో 20కి దించాడు. అదే ఏడాది మన సరుకు మీద 50 శాతం పడ్డప్పుడు భీమవరం రొయ్య రైతులు పడ్డ టెన్షన్ గుర్తున్నవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా బేరమాడుకోవడానికి వియత్నాంకు మూడు నెలలు దొరికాయి, క్రూజ్ ఓడలకు ఒక్క రోజు దొరికింది.

మయన్మార్‌ను కూడా ఒక్క మాటలో చెప్పుకోవాలి, రంగూన్‌కు వలసవెళ్లిన తెలుగువాళ్ల కథలూ విశాఖలోని బర్మా క్యాంపూ మనకు కొత్త కాదు గనక. అక్కడ 2012 నుంచి ఆంక్షలు సడలాయి, 2016లో అమెరికా దాదాపుగా అన్నీ ఎత్తేసింది. వందల డాలర్లు పలికిన సిమ్ కార్డు 2014లో డాలరున్నరకు వచ్చింది. బగాన్ గుళ్ల మీద బెలూన్లు ఎగిరాయి. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ గద్దెనెక్కింది, అంతా తిరగబడింది. టూరిస్టులొచ్చినా, ఫోన్ కంపెనీలొచ్చినా, తుపాకీ ఎవరి చేతిలో ఉందో వాళ్లు మారకపోతే రెండు దారులూ ఒకటే.

నన్నడిగితే వియత్నాం దారే మేలు, కానీ దాన్ని "ఫ్యాక్టరీ దారి" అనడం సగమే నిజం. అసలు మేలు 1988లో రైతుకు పొలం అప్పజెప్పడంలో ఉంది. క్యూబా దగ్గర ఆ మేలు చేసుకునే అవకాశం 2016లో గుమ్మం దాకా వచ్చింది. అలబామాకు చెందిన ఒక చిన్న కంపెనీ "ఓగన్" అనే చిన్నకారు రైతుల ట్రాక్టర్‌ను మారియల్ రేవు దగ్గర తయారు చేస్తానంది. విప్లవం తర్వాత క్యూబాలో తొలి అమెరికన్ ఫ్యాక్టరీ అయ్యేది. అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. కాదన్నది క్యూబా ప్రభుత్వం. క్రూజ్ ఓడలకు మాత్రం స్వాగతం పలికింది. అప్పట్లో విదేశీ కంపెనీ క్యూబాలో నేరుగా మనిషిని పనిలో పెట్టుకోవడానికి వీల్లేదు, ప్రభుత్వ ఏజెన్సీకి డాలర్లు కడితే అది కార్మికుడికి క్యూబా కరెన్సీ పెసోల్లో ఇచ్చేది. అలాంటి చోట ఆంక్షలు అప్పుడే పోయి ఉన్నా ముందు లాభపడేది ఆ ఏజెన్సీయే.

టూరిజమే ముందు రాక తప్పని దేశమైతే, నా ఓటు నీలం లంగరు గుర్తున్న ఇళ్లకు, నలభై అంతస్తుల హోటల్‌కు కాదు. 2021లో క్యూబా చిన్న, మధ్యతరహా ప్రైవేటు కంపెనీలను చట్టబద్ధం చేసింది, ఒక్కోదానిలో వందమంది దాకా పనిచేయవచ్చు. వేలల్లో పుట్టాయి. ఇవాళ హవానా దుకాణాల్లో కనిపించే చికెన్, నూనె, పాస్తాలో చాలా భాగం వీళ్లు తెప్పిస్తున్నవే, కొంత ఆంక్షలు పెట్టిన అమెరికా నుంచే. ప్రస్తుతానికి వీళ్లు చేస్తున్నది కొని అమ్మడం. ఆంక్షలు పోయిన రోజున వీళ్లలో ఎంతమందికి సొంతంగా పండించడానికి, తయారు చేయడానికి అనుమతి దొరుకుతుందో, విమానాశ్రయంలో దిగే జనాన్ని లెక్కపెట్టే ముందు నేను చూసేది అదే.