హిమానీనదాల ప్రయోగ కిట్: మొరైన్‌కు భేష్, డ్రమ్లిన్ దగ్గర ఫెయిల్

నల్లగొండ, మహబూబ్‌నగర్ స్టేషనరీ షాపుల్లో ఏడెనిమిది వందలకు దొరికే ఈ కిట్‌లో రెండడుగుల ప్లాస్టిక్ ట్రే, మంచు దిమ్మ చేసే అచ్చు, బంకమట్టి, ఇసుక, కంకర, చిన్న పుస్తకం ఉంటాయి. హైస్కూల్ సోషల్ టీచర్లు కొనదగ్గదే. కాకపోతే పుస్తకంలో రాసినట్టే చేస్తే సగం ప్రయోగం చెడుతుంది.

అచ్చులో నీళ్లు, కంకర, ఇసుక ఒకేసారి పోసి ఫ్రీజర్‌లో పెట్టమంటుంది. అలాగైతే రాళ్లన్నీ అడుగుకు చేరి పైన ఉత్త మంచే మిగులుతుంది. అసలు హిమానీనదం రాళ్లను అడుగునే కాదు, పక్కలా, పైనా, లోపలా కూడా మోస్తుంది. మూడు విడతలుగా పోయండి, ఒక పొర గడ్డకట్టాకే తర్వాతది. పావు లీటరు నీళ్లకు రెండు గుప్పెళ్ల మిశ్రమం చాలు. ఎక్కువైతే దిమ్మ విరుగుతుంది.

ట్రేలో తడి బంకమట్టి పరిచి, ఒక వైపు రెండంగుళాలు ఎత్తి, దిమ్మను మెల్లగా కిందికి నెట్టి సగంలో ఆపాలి. కరిగాక ముందు అంచున పెద్దా చిన్నా కలగలిసిన కుప్ప మిగులుతుంది. అది అంత్య మొరైన్. కుప్ప దాటిన నీళ్లేమో ముతక ఇసుకను దగ్గర్లో, మెత్తటిదాన్ని దూరంగా వేరుచేసి పరుస్తాయి. మంచు వేరుచేయని సరుకును నీరు వేరుచేయడం ఇంత స్పష్టంగా ఏ బొమ్మలోనూ కనబడదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మధ్యాహ్నం పెట్టుకోవద్దు. దిమ్మ తొందరగా కరిగి, ఆ నీళ్లకు కుప్పే కొట్టుకుపోతుంది. పొద్దున మొదటి పీరియడ్ మేలు.

కెటిల్ గుంత కూడా బాగా వస్తుంది: ఇసుకలో మంచుముక్క పూడ్చి వదిలేస్తే, కరిగిన చోట ఇసుక కుంగుతుంది. ఎస్కర్, అంటే ఇసుక, కంకరలతో మెలికలు తిరిగే పొడవాటి గట్టు, రాదు. దానికి మంచు కింద సొరంగంలో వాగు పారాలి, ఇంత చిన్న దిమ్మతో అయ్యే పని కాదు.

పుస్తకంలో డ్రమ్లిన్ (మంచు కింద మట్టి, రాళ్లు పేరుకున్న కోడిగుడ్డు ఆకారపు దిబ్బ) బొమ్మ తలకిందులైంది. నిటారు వైపు మంచు వచ్చిన దిక్కున, వాలు వైపు మంచు పోయిన దిక్కున ఉండాలి. వీళ్లు వేసింది రోష్ ముటోనే ఆకారం. అది మంచు అరగదీసిన రాతిగుట్ట, నిక్షేపమే కాదు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు ఆ పేజీని నమ్మితే మార్కు పోయినట్టే.

ఇంకో లోటు, మన నేల ఊసే లేదు. దేవరకొండ, రాచకొండ గుట్టల్లోని గుండ్లను మంచు మోసుకొచ్చిందని పిల్లలు అనుకునే వీలుంది. అవి గ్రానైటు పగుళ్ల వెంట అక్కడికక్కడే శిథిలమై గుండ్రబడ్డవి. తెలంగాణలో హిమానీనద నిక్షేపాలు కావాలంటే గోదావరి లోయలోని తాల్చిర్ అనే రాతిపొరలు చూడాలి, వాటి వయసు దాదాపు 30 కోట్ల ఏళ్లు.

బంకమట్టి ఒక్కసారికే పగుళ్లిస్తుంది. విడి ప్యాకెట్లు కొనేబదులు చెరువు మట్టి జల్లించి వాడుకోండి.